అప్పగించుట వేరు, విడిచిపెట్టుట వేరు

“అయ్యగారూ, అమ్మను వృద్ధాశ్రమంల ఉంచితే పాపమా?”

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల సంఘములలో కాపరులకు ఈ ప్రశ్న ఇప్పుడు తరచుగా ఎదురవుతున్నది. ఒకప్పుడు ఇది పట్నపు ప్రశ్న. ఇప్పుడు మన పల్లెలకు కూడా వచ్చింది. అడిగేవారు నలుగురిలో అడగరు. ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయాక, తల వంచుకొని, మెల్లగా అడుగుతారు. కన్నవారి మీద ప్రేమ లేనివారికి ఈ ప్రశ్న పుట్టదు. ప్రేమ ఉండి దారి కనబడనివారికే పుడుతుంది. అందుచేత వారిని గద్దించి పంపివేయడం తగదు. “ఏం పరవాలేదు, అందరూ చేస్తున్నదే” అని భుజం తట్టి పంపడమూ తగదు.

తలిదండ్రులను సన్మానించుమని దేవుడిచ్చిన ఐదవ ఆజ్ఞ (నిర్గమ. 20:12) మన సండేస్కూలు పిల్లలకు కూడా కంఠతా వచ్చును. అయితే ఆ ఆజ్ఞను నెరవేర్చడమంటే తప్పనిసరిగా ఒకే కప్పు కింద ఉండడమేనా? ఒకే కప్పు కింద ఉంచుకొన్నంత మాత్రాన ఆ ఆజ్ఞ నెరవేరినట్టేనా? ఈ రెండు ప్రశ్నలను వాక్యపు వెలుగులో ఆలోచిద్దాము.

మన ఇండ్లలో జరుగుతున్నది

మొదట మన ఇండ్లను మనమే చూచుకొందాము. పాలమూరు కూలీలు కట్టని ఆనకట్ట, వేయని రోడ్డు దేశములో అరుదు అంటారు. బొంబాయి, పూనా, హైదరాబాదులకు వలస పోయిన మన బిడ్డలు కొందరు ఏడాదికొకసారి, కొందరు పండుగకు మాత్రమే ఇంటికి వస్తారు. ఇంటి దగ్గర మిగిలేది ముసలివారు, చిన్నపిల్లలు. పిల్లలు కూడా చదువులకు హాస్టలుకు పోతే మిగిలేది ముసలివారే. “మా అమ్మను ఎక్కడికీ పంపలేదు, ఇంట్లనే ఉన్నది” అని కొడుకు చెప్పే మాట నిజమే. కాని ఆ ఇంట్లో ఆమె తప్ప ఇంకెవరూ లేరన్నది కూడా నిజమే.

నల్లగొండ వైపు మరొక భారము ఉన్నది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు పల్లెల్లో తరతరాలుగా ఫ్లోరైడు నీళ్లు తాగిన పెద్దల ఎముకలు బిగుసుకుపోయినవి. నడుము వంగి, మెడ తిరగక, కొందరు మంచము దిగలేని స్థితికి వచ్చారు. 2015లో చౌటుప్పల్‌లో పైలాను వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథ పథకము ద్వారా నది నీళ్లు ఇంటింటికి వచ్చినందుకు దేవునికి స్తోత్రము. పిల్లల ఎముకలకు అది మేలు. కాని ఒకసారి బిగిసిన ముసలి ఎముకలు మంచినీళ్లతో తిరిగి సాగవు. అటువంటి తండ్రిని లేపి కూర్చోబెట్టాలంటే ఇద్దరు మనుష్యులు కావాలి. ఇంట్లో ఉన్నది ఒక్క కోడలు. ఆమె పత్తి ఏరడానికి పోతేనే ఆ పూట గడుస్తుంది.

ఇక వంతుల సంగతి. తండ్రి పెద్దకొడుకు దగ్గర, తల్లి చిన్నకొడుకు దగ్గర. లేదా ఇద్దరూ నెలకొక ఇంట్లో. నెలాఖరున ముసలమ్మ బట్టల మూట కట్టుకొని గడప దగ్గర కూర్చుంటుంది. ముప్పై ఒకటో తారీఖు అన్నము ఎవరు పెట్టాలని అన్నదమ్ములు వాదులాడుకొన్న ఇండ్లు ఉన్నవి. యాభై ఏండ్లు ఒక పొయ్యి మీద వండుకొని తిన్న భార్యాభర్తలను ముసలితనములో చెరొక చోట ఉంచి, దానిని మనము కుటుంబము అంటున్నాము. ఆశ్రమము అనే మాట వింటే ఉలిక్కిపడే మనము ఈ వంతులను చూచి ఎందుకు ఉలిక్కిపడడం లేదు?

కాబట్టి కప్పు ఒక్కటే గురుతు కాదు. ఇంట్లో ఉంచుకొని విడిచిపెట్టినవారు ఉన్నారు. దూరాన ఉంచి కూడా విడిచిపెట్టనివారు ఉన్నారు.

ఇద్దరు వృద్ధుల కథ

పరిశుద్ధ గ్రంథములో ముసలితనములో ఇల్లు మారే ప్రశ్న వచ్చిన వృద్ధులు ఇద్దరున్నారు. ఒకరు మారారు, ఒకరు మారలేదు.

మొదటివాడు యాకోబు. కరవు వచ్చి, కొడుకు యోసేపు పిలువగా, ఐగుప్తుకు బయలుదేరాడు. ఫరో యెదుట నిలిచినప్పుడు అతని వయస్సు 130 సంవత్సరములు (ఆది. 47:9). దారిలో బెయేర్షెబా దగ్గర ఆగి బలి అర్పించాడు. ఆ రాత్రి దేవుడు అతనితో మాటలాడి, భయపడవద్దని చెప్పి, తాను కూడా అతనితో వస్తానన్నాడు (ఆది. 46:1–4). ముసలివారికి ఊరు విడిచే ముందు భయము ఉంటుందని దేవునికి తెలుసు. ఆ భయాన్ని ఆయన ఎగతాళి చేయలేదు.

ఐగుప్తులో యాకోబు ఎక్కడ ఉన్నాడో గమనించండి. యోసేపు భవనములో కాదు. గొఱ్ఱెలకాపరులకు అనువైన గోషెను దేశములో, తనవారి మధ్య ఉన్నాడు. యోసేపుకు దేశమంతటి పని ఉన్నది. అయినను తండ్రికి ఆహారము తప్పలేదు (47:12). తండ్రికి జబ్బుగా ఉన్నదని వినగానే ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని వచ్చాడు (48:1). తనను తన పితరుల సమాధిలో పెట్టవలెనని తండ్రి అడిగినప్పుడు ప్రమాణము చేశాడు (47:29–31), చివరికి ఆ ప్రమాణము నిలబెట్టుకొన్నాడు. యాకోబు ఐగుప్తులో 17 సంవత్సరములు బ్రతికాడు. ఆ పదిహేడేండ్లలో యోసేపు కొడుకుగా ఉండడం మానలేదు.

రెండవవాడు బర్జిల్లయి. దావీదు కష్టకాలములో అతనిని పోషించిన ధనికుడు. యెరూషలేముకు తనతో రమ్మని, అక్కడ తానే పోషిస్తానని రాజు పిలిచాడు. బర్జిల్లయికి 80 ఏండ్లు. తినే తిండి రుచి తెలియడం లేదని, పాటలు చెవికి సరిగా వినబడడం లేదని చెప్పి, తన ఊరిలో, తన తలిదండ్రుల సమాధి దగ్గర చనిపోనిమ్మని వేడుకొన్నాడు (2 సమూ. 19:31–39). దావీదు బలవంతము చేయలేదు. ముద్దుపెట్టుకొని, దీవించి పంపాడు.

ఈ ఇద్దరి విషయములోను ఒక సంగతి సమానము. ఇద్దరినీ అడిగారు. ఇద్దరి మాట విన్నారు. మనము ఎంతమందిమి అడుగుతున్నాము? అన్నదమ్ములు ఫోనులో మాట్లాడుకొంటారు, కోడళ్లు వంటింట్లో మాట్లాడుకొంటారు, బావమరిది వచ్చి సలహా ఇస్తాడు. ఎవరి గురించి మాట్లాడుతున్నారో ఆ అమ్మ అరుగు మీద కూర్చొని, ఏమీ విననట్టు, అంతా వింటూ ఉంటుంది. “దవాఖానకు పోయొద్దాం రా” అని చెప్పి తీసుకుపోయి ఆశ్రమములో దించి వచ్చినవారు కూడా ఉన్నారు. ఇది అబద్ధము. తల్లితో ఆడిన అబద్ధము మీద ఆమె ముసలితనాన్ని నిలబెట్టవద్దు.

సిలువ దగ్గర జరిగినది

మన ప్రభువు ఈ ఆజ్ఞను ఎలా నెరవేర్చాడో కూడా చూద్దాము. సిలువ మీద వ్రేలాడుతూ ఆయన తన తల్లిని చూచాడు. ఆమెను తాను ప్రేమించిన శిష్యునికి అప్పగించాడు. ఆ గడియ నుండి ఆ శిష్యుడు ఆమెను తన యింట చేర్చుకొన్నాడు (యోహాను 19:25–27). ప్రభువు తన తల్లిని మరొకరి యింట ఉంచాడన్నమాట. ఆ పని తాను ఇక చేయలేడు గనుక, చేయగలిగినవానిని ఏర్పాటు చేశాడు. ఆమెను ముఖాముఖిగా చూచి, ఆమెకు చెప్పి, ఆ శిష్యునికి చెప్పి చేశాడు. అప్పగించడం అంటే ఇది.

అదే ప్రభువు మార్కు 7:9–13లో పరిసయ్యులను గద్దించాడు. తలిదండ్రులకు అందవలసిన దానిని కొర్బాను, అనగా దేవునికి అర్పితము, అని చెప్పి ఎగవేసేవారిని ఆయన క్షమించి ఊరుకోలేదు. భక్తి పేరుతో తప్పించుకోవడం కూడా విడిచిపెట్టడమే. మందిరానికి మైకుసెట్టు కొనిచ్చి, తల్లి కంటి ఆపరేషనుకు డబ్బులు లేవనే కొడుకు ఈ వాక్యభాగమును మోకాళ్ల మీద చదువుకోవాలి. తన యింటివారిని పోషించనివానిని గురించి పౌలు ఎంత కఠినముగా వ్రాశాడో 1 తిమోతి 5:8లో ఉన్నది.

మన పెద్దలకు ఈ తేడా బాగా తెలుసు. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, దేవరకొండ, నల్లగొండ మిషను కాంపౌండ్లలో బోర్డింగు బడులు నడిచిన రోజులను జ్ఞాపకము చేసికొనండి. చదువు కోసము ఏడెనిమిదేండ్ల పిల్లలను అక్కడ ఉంచి తల్లులు ఏడ్చుకొంటూ ఊరికి పోయేవారు. ఆ తల్లి పిల్లను వదిలేసిందని ఎవరూ అనలేదు. ఎందుకంటే ఆమె సద్ది మూట కట్టుకొని, కాలినడకన, పిల్లను చూడడానికి మళ్లీ వచ్చేది. బోర్డింగులో పెరిగి ఉద్యోగాలు సంపాదించిన మనవారు ఎందరో ఉన్నారు. ఆనాడు అమ్మ మన కోసము నడిచిన దారిని ఈనాడు మనము ఆమె కోసము నడుస్తామా అన్నదే అసలు ప్రశ్న.

ఆశ్రమము అంటే అనాథల చోటేనా?

1839లో ఫ్రాన్సు దేశములో జాన్ జుగాన్ అనే ఒక పేద స్త్రీ, ఇండ్లలో పనిచేసి బ్రతికినది, చూపులేని ఒక ముసలమ్మను తన గదికి తీసుకువచ్చి తన పడకను ఆమెకిచ్చింది. ఆ పని నుండి పేదవృద్ధులకు సేవచేసే రోమన్ కథోలిక సహోదరీల సమాజము పుట్టింది. వారు 1882లో కలకత్తాకు వచ్చారు. సికింద్రాబాదులో కూడా వారి వృద్ధుల గృహము ఉన్నది. వారు మన శాఖవారు కాకపోయినా, ఆశ్రమము అనేది మొదట ఒకరు తన పడక విడిచి ఇచ్చిన ప్రేమలో నుండి వచ్చిందని మనకు గుర్తుచేస్తారు. మంచి గృహము అవమానము కాదు. అయితే అన్ని గృహములు మంచివి కావు. కొన్ని వ్యాపారముగా నడుస్తున్నవి. కావున చేర్చే ముందు విచారించండి.

చెప్పకుండా, అన్నము వేళకు ఒకసారి వెళ్లి చూడండి. పడకలు, మరుగుదొడ్లు, వంటిల్లు చూడండి. అక్కడున్న ముసలివారితో కూర్చొని మాట్లాడండి. రాత్రిపూట ఎవరు ఉంటారో, జబ్బు చేస్తే ఏ ఆసుపత్రికి తీసుకుపోతారో అడగండి. అన్నిటికంటె ముఖ్యముగా, మంచాన పడితే ఉంచుకొంటారా, తిరిగి పంపిస్తారా అని అడగండి. చాలాచోట్ల తిరిగి పంపుతారు. కట్టిన డబ్బుకు రశీదు తీసుకొనండి. ప్రార్థన చేసుకోనిస్తారా, బైబిలు చదివి వినిపించేవారు ఉన్నారా, జొన్నరొట్టె అలవాటున్న మనిషికి అది దొరుకుతుందా, ఇవి చిన్న ప్రశ్నలు కావు. జీవితమంతా జొన్నరొట్టె తిన్న మనిషికి అది పరదేశములో సొంత ఊరి మాట విన్నట్టు ఉంటుంది.

మతిమరుపు జబ్బు గురించి ఒక మాట. ముసలితనములో కొందరు కన్నబిడ్డలనే గుర్తుపట్టరు, రాత్రిళ్లు లేచి బయటికి పోతారు, తిన్నది మరచి తిండి పెట్టలేదని ఇరుగుపొరుగుకు చెబుతారు. ఇది మెదడుకు వచ్చే జబ్బు. దయ్యము కాదు, మొండితనము కాదు, కోడలి మీద కోపమూ కాదు. అటువంటివారిని కొట్టడం, కట్టివేయడం, దయ్యము వెళ్లగొట్టే కూటాలకు తిప్పడం మానుకొని వైద్యునికి చూపించండి. ఆ జబ్బున్నవారిని ఇంట్లో ఒక్కరే రాత్రింబగళ్లు కాచుకోవడం మానవశక్తికి మించిన పని. అక్కడ సహాయము కోరడం ఓటమి కాదు.

కోడళ్ల గురించి కూడా న్యాయముగా మాట్లాడాలి. ప్రతి పెండ్లిలోను రూతును గురించి ప్రసంగిస్తాము. రూతు చేసినది గొప్పదే. కాని రూతు మంచిదైనందువల్ల కొడుకుల బాధ్యత తీరిపోదు. అత్త మలమూత్రములు ఎత్తే పని అంతా కోడలికి విడిచి, ఆమె అలసిపోయి ఆశ్రమము మాట ఎత్తగానే “నీకు మా అమ్మ బరువైందా?” అనే భర్త, తాను ఎన్నిసార్లు అమ్మ పక్కబట్టలు మార్చాడో మొదట చెప్పాలి. కూతుళ్లు కూడా ఇందులో పాలివారే.

చట్టము ఏమంటున్నది

మన దేశములో 2011 జనాభా లెక్కల ప్రకారము 60 ఏండ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. వారి కోసము 2007లో తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము వచ్చింది. పోషించుకోలేని స్థితిలో ఉన్న తలిదండ్రులు ట్రిబ్యునలుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన దగ్గర ఆర్డీవో ఆ ట్రిబ్యునలుగా కూర్చుంటారు. కొడుకులే కాదు, కూతుళ్లు, పెద్దవారైన మనుమలు, మనుమరాండ్రు కూడా బాధ్యులే. ఆ చట్టము నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఇప్పించే అధికారమిచ్చింది. వృద్ధులను కావాలని విడిచిపెట్టినవారికి మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జుర్మానా గాని, రెండూ గాని విధించవచ్చు.

భూమిని బిడ్డల పేర రాసిచ్చే పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకొనండి. తమను పోషించాలనే షరతును దస్తావేజులో రాయించుకొంటే, ఆ షరతు తప్పినప్పుడు ఆ బదిలీని రద్దుచేయమని కోరే హక్కు ఈ చట్టము 23వ సెక్షనులో ఉన్నది. కన్నబిడ్డల మీద నమ్మకము లేదా అని ఎవరైనా అడిగితే, నమ్మకమున్నవారికి షరతు భారము కాదని చెప్పండి. కష్టములో ఉన్న వృద్ధులు 14567 నంబరుకు ఫోను చేయవచ్చు.

పింఛను సంగతి కూడా చూచుకొనండి. ఆసరా పింఛను 2014 నవంబరులో, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని కొత్తూరులో ప్రారంభమైంది. మొదట వృద్ధులకు నెలకు 1,000 రూపాయలు, 2019 నుండి 2,016 రూపాయలు. ఊరు మారే ముందు, ఆ పింఛను ఆగిపోకుండా ఏమి చేయాలో పంచాయతీ కార్యదర్శిని గాని, ఎంపీడీవో కార్యాలయములో గాని అడగండి. ఆ డబ్బు అమ్మది. చీర కొంగున ముడివేసుకొన్న ఆ కొద్ది రూపాయలే ఆమెకు మిగిలిన స్వాతంత్ర్యము. మనుమనికి బిస్కెట్టు పొట్లము తన చేతితో కొనిచ్చే సంతోషము ఆమె నుండి తీసివేయవద్దు.

సంఘము చేయవలసినది

పౌలు తిమోతికి వ్రాస్తూ, విధవరాండ్ర విషయములో మొదట పిల్లలు, మనుమలు తమ ఇంటివారికి ప్రత్యుపకారము చేయడం నేర్చుకోవాలన్నాడు. నిజముగా దిక్కులేనివారిని సంఘము చూచుకోవాలన్నాడు (1 తిమోతి 5:3–16). కనుక సంఘము కుటుంబానికి బదులు నిలబడదు, కుటుంబము పక్కన నిలబడుతుంది.

మన సంఘములు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నవి. మంచాన పడినవారున్న ఇండ్ల పట్టిక వ్రాసి, స్త్రీల సమాజమువారు వారానికొక పూట వంతున అక్కడ కూర్చుంటే ఆ కోడలు పొలానికి గాని, గుడికి గాని నిశ్చింతగా పోగలదు. యౌవనస్థులు ముసలివారిని ఆదివారము ఆటోలో గుడికి తీసుకురావచ్చు. ఇటువంటి సహాయము దొరికితే ఆశ్రమపు అవసరమే రాని ఇండ్లు కొన్ని ఉంటాయి. ఆశ్రమములో చేరినవారి పేర్లను సభ్యత్వ పట్టికలో నుండి తీసివేయవద్దు. కాపరి వెళ్లి వారికి ప్రభువు బల్ల ఇవ్వాలి. తన ముసలితనములో తనను విడిచిపెట్టవద్దని 71వ కీర్తనలో భక్తుడు దేవునికి మొరపెట్టాడు. ఆ మొరకు జవాబుగా దేవుడు చాలాసార్లు మనుష్యులనే పంపుతాడు.

తప్పనిసరియై అమ్మను గాని నాన్నను గాని ఆశ్రమములో చేర్చవలసి వస్తే, ముందుగా ఒక సాయంకాలము కుటుంబమంతా కూడి ప్రార్థన చేసి, ఆ పెద్దమనిషిని మధ్యలో కూర్చోబెట్టి మాట్లాడండి. ఎందుకు చేర్చుతున్నారో దాపరికము లేకుండా చెప్పండి. ఆమె వద్దంటే మరొకసారి ఆలోచించండి. ఒప్పుకొంటే కొన్ని మాటలు ఇచ్చి, కాగితము మీద వ్రాసి పెట్టుకొనండి. నెలలో ఏ ఆదివారము ఎవరు వెళ్తారు, ఏ వేళకు ఫోను చేస్తారు, ఖర్చు ఎవరెవరు ఎంత పెడతారు, క్రిస్మసుకు ఎవరు ఇంటికి తీసుకువస్తారు. మరొక మాట కూడా ఇవ్వండి. మన పెద్దలు నోరు తెరచి అడగరు గాని, వారి మనస్సులో ఉన్న భయము అదే. “సచ్చినంక నన్ను మన ఊరి బొందలగడ్డకే తేవాలె బిడ్డా.” యాకోబు కోరినదీ అదే. యోసేపు వలె మాట ఇచ్చి, యోసేపు వలె నిలబెట్టుకొనండి.

చేర్చిన తరువాత మొదటి నెల చాలా కష్టము. ఇంటికి తీసుకుపొమ్మని ఏడుస్తారు. ఆ ఏడుపు చూడలేక కొందరు వెళ్లడమే మానుకొంటారు. అప్పుడే మానకూడదు. అప్పగించినవాడు మళ్లీ వస్తాడు. విడిచిపెట్టినవాడు రాడు. తేడా అంతా ఆ రాకడలోనే ఉన్నది. ఈ నెలలో మీరు వెళ్లవలసిన ఆదివారము ఏదో ఇప్పుడే క్యాలెండరు మీద గుర్తు పెట్టుకొనండి. వెళ్లేటప్పుడు పిల్లలను కూడా వెంటబెట్టుకొని వెళ్లండి. మన ముసలితనములో మనకేమి చేయాలో వారు ఆ దారిలోనే నేర్చుకొంటారు.